స్వీపర్ కొత్త బంతా, పాత స్లైడరేనా?

2023 మార్చి 21, మయామి. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్, చివరి ఇన్నింగ్స్. జపాన్ 3, అమెరికా 2. అప్పటికే ఇద్దరు అవుట్. మౌండ్ మీద, అంటే బంతి విసిరే పిచర్ నిలబడే దిబ్బ మీద, షోహెయ్ ఒహ్తానీ, ఎదురుగా బ్యాట్ పట్టుకుని మైక్ ట్రౌట్. మామూలు రోజుల్లో అప్పట్లో ఇద్దరిదీ ఒకే జట్టు, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్. ఒహ్తానీ గంటకు 160 కిలోమీటర్లు దాటే ఫాస్ట్‌బాల్స్ వేస్తూ వచ్చాడు. మూడు బాల్స్ (నాలుగైతే బ్యాటర్‌కి ఉచితంగా బేస్), రెండు స్ట్రైక్స్ (మూడైతే అవుట్), ఇంకొక్క బంతితో తేలిపోతుందనగా వేగం 140 దగ్గరికి దించాడు. ఆ బంతి దారిలో సుమారు 17 అంగుళాలు పక్కకు జరిగింది. ట్రౌట్ బ్యాట్‌కి గాలి తప్ప ఏమీ తగల్లేదు. కప్పు జపాన్‌ది.

బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక, హోమ్ ప్లేట్, వెడల్పు కూడా 17 అంగుళాలే. ఈ అంచు మీదికి వస్తోందనుకున్న బంతి ఆ అంచు దాటి పోయిందన్నమాట.

ఆ బంతి పేరు స్వీపర్. మేజర్ లీగ్ బేస్‌బాల్ బంతుల లెక్కలు చూసే స్టాట్‌కాస్ట్ దాన్ని విడిగా ఒక రకంగా చూపడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. దాంతో పాటు స్లర్వ్ (స్లైడర్‌కీ కర్వ్‌కీ మధ్య రకం) అని ఇంకో పేరూ చేరింది. అభిమానుల్లో సగం మంది నొసలు చిట్లించారు. పక్కకు పోయే స్లైడర్‌ని తాతల కాలం నుంచీ చూస్తున్నాం కదా, దీనికి కొత్తగా బారసాల దేనికి అని వాళ్ల ప్రశ్న.

ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ బేస్‌బాల్‌లో వంగే బంతుల మీద పేచీ దాదాపు ఆ ఆట అంత పాతది. ముందు "అసలు వంగనే వంగదు" అన్నారు, తర్వాత "వంగుతుంది గానీ అది మోసం" అన్నారు, ఇప్పుడు "వంగుతుంది గానీ కొత్తదేం కాదు" అంటున్నారు. వెనక్కి వెళ్లి చూస్తే, బంతి కంటే దాన్ని కొలిచే సాధనాలే ఎక్కువ మారినట్టు నాకు కనిపిస్తుంది.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఒక చిన్న చిక్కు ఉంది, ముందు అది విప్పుకోవాలి. కర్వ్‌బాల్ అనగానే మనకు స్వింగ్ గుర్తొస్తుంది. దానికి అసలు చుట్టం స్వింగ్ కాదు, లెగ్‌స్పిన్నర్ బంతి. మంచి లెగ్‌స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకకముందే గాలిలో కాస్త పక్కకు జరుగుతుంది, బ్యాటర్ అనుకున్న చోటికంటే ముందే కిందికి దిగిపోతుంది. గింగిరాలు తిరిగే బంతి గాలిని ఒక వైపుకు నెడుతుంది, గాలి దాన్ని ఎదురు వైపుకు నెడుతుంది. 1852లో దీని మీద ప్రయోగాలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని మాగ్నస్ ఎఫెక్ట్ అంటారు. టెన్నిస్ బంతి అలా వంగడం గురించి న్యూటన్ 1672లోనే రాశాడు.

బేస్‌బాల్‌లో బంతి నేల మీద పడదు కాబట్టి పిచర్ ఏం చేసినా గాలిలోనే చెయ్యాలి. ఫాస్ట్‌బాల్‌కి వెనక్కి తిరిగే స్పిన్ ఉంటుంది, అందుకే అది పడాల్సినంత కిందికి పడదు. కర్వ్‌బాల్‌కి ముందుకు తిరిగే స్పిన్, కాబట్టి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. స్లైడర్ తుపాకీ గుండులా తాను పోయే దిశ చుట్టూనే ఎక్కువగా తిరుగుతుంది, గాలి సాయం దానికి తక్కువ. ఫాస్ట్‌బాల్ లాగే వస్తూ చివర్లో చిన్నగా తప్పుకోవడం దాని పని. స్వీపర్‌కి పక్కవాటు స్పిన్, అది అడ్డంగా ఊడ్చుకుపోతుంది. కర్వ్, స్లైడర్, స్వీపర్, ఈ కుటుంబాన్నంతా కలిపి బ్రేకింగ్ బాల్స్ అంటారు. చేంజప్, స్ప్లిటర్ ఈ లెక్కలోకి రావు. అవి ఫాస్ట్‌బాల్ వేషంలో వచ్చి నెమ్మదిగా దిగే ఆఫ్‌స్పీడ్ బంతులు.

ఇక కథ. 1863 ప్రాంతంలో బ్రూక్లిన్ సముద్రతీరాన కొందరు కుర్రాళ్లు ఆల్చిప్పలు విసురుతూ ఆడుకుంటున్నారు. మనం చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించినట్టే, కాకపోతే వాళ్లవి గాలిలో వంపు తిరిగి పోయేవి. బంతిని కూడా ఇలా తిప్పొచ్చు కదా అని వాళ్లలో ఒకడికి తట్టింది. అతనే విలియం ఆర్థర్ కమింగ్స్, అందరూ పిలిచే పేరు క్యాండీ. నాలుగేళ్లు దాని మీదే కూర్చుని 1867లో హార్వర్డ్ జట్టు మీద దాన్ని ప్రయోగించానని అతనే తర్వాత చెప్పుకున్నాడు.

అప్పటి పిచర్ పని బ్యాటర్‌ని అవుట్ చేయడం కాదు, అతను కొట్టేలా బంతిని అందించడం. చేతిని కింద నుంచే ఊపాలి. బంతి ఎత్తులో కావాలా, కిందికి కావాలా అని బ్యాటరే అడిగేవాడు, ఆ హక్కు 1887 దాకా నడిచింది. అలాంటి ఆటలో ఒకడు మణికట్టు తిప్పి బంతిని వంచితే మర్యాద తప్పినట్టే లెక్క. రెస్టారెంట్‌లో వడ్డించేవాడు కంచం దగ్గరికి తెచ్చి వెనక్కి లాక్కున్నట్టు!

కమింగ్స్ ఒక్కడే కాదు, ఫ్రెడ్ గోల్డ్‌స్మిత్ అనే పిచర్ కూడా కర్వ్ నాదేనన్నాడు. 1939లో బేస్‌బాల్ మహామహుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ కమింగ్స్‌ని ఎంచుకుంది, గోల్డ్‌స్మిత్ అదే ఏడాది చనిపోయాడు. నా మటుకు నాకు ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కనుక్కుని ఉంటారనే అనిపిస్తుంది. బంతి, చెయ్యి, తీరిక ఉన్న కుర్రాళ్లు ఎక్కడున్నా ఇది తగిలే విద్యే.

తర్వాత నిబంధనలు కర్వ్‌కి కలిసొచ్చాయి. 1884లో నేషనల్ లీగ్ చెయ్యి పైనుంచి విసరడానికి ఒప్పుకుంది. 1893లో పిచింగ్ దూరం 60 అడుగుల 6 అంగుళాలకు పెరిగింది, ఇప్పటికీ అదే. బ్యాటర్లకు కాస్త ఊపిరి అందాలని దూరం పెంచారు గానీ, బంతి వంగడానికీ చోటు దొరికింది.

ఈ విద్య క్రికెట్‌లోకీ దూకింది, అందులో మన దేశానికి ఒక ముక్క దొరుకుతుంది. ఫిలడెల్ఫియాకి చెందిన జాన్ బార్టన్ కింగ్ ముందు బేస్‌బాల్ ఆడినవాడు. బంతిని తల మీదికి రెండు చేతులతో ఎత్తి, పిచర్ లాగే వేసేవాడు. చివర్లో తోక తిప్పే తన బంతికి యాంగ్లర్ అని పేరు పెట్టుకున్నాడు. 1897 ఇంగ్లండ్ టూర్‌లో ససెక్స్ మీద 13 పరుగులకు 7 వికెట్లు తీశాడు. ఆ జట్టు 46కి ఆలౌట్. అందులో తొలి బంతికే బౌల్డయిన బ్యాటర్ రంజిత్‌సింహ్‌జీ. 1908లో ఇంగ్లండ్ బౌలింగ్ సగటుల్లో 11.01తో కింగ్‌దే మొదటి స్థానం.

బేస్‌బాల్‌లో ఆ రోజుల్లో బంతిని వంచడానికి ఇంకో దారి ఉమ్మి. పొగాకు నమిలి ఉమ్మేవాళ్లు, ఉప్పుకాగితంతో గీకేవాళ్లు, మట్టి పూసేవాళ్లు. 1920 సీజన్‌కి ముందు స్పిట్‌బాల్‌ని నిషేధించారు. దానిమీదే బతుకుతున్న 17 మంది పిచర్లకు మాత్రం రిటైరయ్యేదాకా మినహాయింపు ఇచ్చారు. వాళ్లలో చివరివాడు బర్లీ గ్రైమ్స్, 1934 దాకా ఆడాడు. 1920 ఆగస్టులోనే క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మరుసటి రోజు చనిపోయాడు. మురికి పట్టిన బంతిని ఆటలోంచి తీసేయడం ఆ తర్వాతే గట్టిగా మొదలైంది.

పూతలు పోయాక వేళ్లకు పనిపెరిగింది. స్లైడర్ పైకొచ్చింది ఆ దశాబ్దాల్లోనే, జార్జ్ బ్లేహోల్డర్, జార్జ్ ఉల్ పేర్లు దానితో ముడిపడ్డాయి. పాతకాపులు దాన్ని నికెల్ కర్వ్ అని వెక్కిరించారు, అంటే అణా కానీ కర్వ్ అని. నేడు స్వీపర్‌ని చూసి "ఇది మా స్లైడరే" అని గర్వంగా అంటున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండు. కార్ల్ హబ్బెల్ స్క్రూబాల్ ఎదురు వైపుకు వంగేది. దానితో 1934 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో బేబ్ రూత్ మొదలు ఐదుగురు మహామహుల్ని వరసగా స్ట్రైకౌట్ చేశాడు. ఆ బంతి వేసీ వేసీ అతని ఎడమ అరచెయ్యి మామూలుగా నిలబడ్డా బయటికి తిరిగి ఉండేదట.

ఇంత జరుగుతున్నా బంతి నిజంగా వంగుతుందా అన్న అనుమానం తీరలేదు. 1941లో లైఫ్ పత్రిక వరస ఫొటోలు తీయించి, ఇదంతా కంటి భ్రమలా ఉందని తేల్చింది. లుక్ పత్రిక తన ఫొటోలతో, కాదు వంగుతుందని తేల్చింది. రెండిటి చేతిలోనూ కెమెరాలే!

తీర్పు 1959లో వచ్చింది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ మాజీ డైరెక్టర్ లైమన్ బ్రిగ్స్ రిటైరయ్యాక ఈ పని నెత్తికెత్తుకున్నాడు. వాషింగ్టన్ సెనేటర్స్ పిచర్ల సాయం తీసుకున్నాడు. బంతికి ఒక పల్చటి టేపు అతికించి రెండో కొస వదిలేసి విసరమన్నాడు. బంతి చేరాక టేపులో పడ్డ మెలికలు లెక్కపెడితే ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసిపోతుంది. ఆ తర్వాత విండ్ టన్నెల్‌లో కొలిచి చూశాడు. 60 అడుగుల దూరంలో బంతి గరిష్ఠంగా 17.5 అంగుళాలు పక్కకు వంగగలదని అతని లెక్క. ఒహ్తానీ చివరి బంతి అంకె ఇంకోసారి చూడండి.

భ్రమ అన్నవాళ్లదీ పూర్తిగా తప్పు కాదు. బంతి మొదటినుంచీ నెమ్మదిగా ఒకే వంపులో వస్తుంది. బ్యాటర్లు మాత్రం అది చివర్లో "విరిగింది" అంటారు, బ్రేకింగ్ అన్న మాట అక్కడిదే. ఆర్థర్ షాపిరో బృందం 2009లో దీనికి ఒక వివరణ చూపించింది. దగ్గరికొచ్చిన బంతి మీద చూపు నిలవక అది కంటి చివరికి జారుతుంది, అక్కడ మెదడు స్పిన్‌నీ కదలికనీ కలిపేసుకుంటుంది. వంపు నిజం, ఆ హఠాత్తు మాత్రం మన కంటిది.

2006 పోస్ట్‌సీజన్ (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) నుంచి కెమెరాలు ప్రతి బంతినీ వెంటాడటం మొదలైంది. 2015లో స్టాట్‌కాస్ట్, 2020లో హాక్‌ఐ వచ్చాయి. మనం ఎల్బీడబ్ల్యూల కోసం తిట్టుకునే హాక్‌ఐ ఇదే. స్పిన్ ఎంత, ఏ వైపు, బంతి ఎన్ని అంగుళాలు జరిగింది అన్నీ అంకెల్లోకి వచ్చేశాయి. అంకెలు కనిపించాక వాటిని పెంచుకోవాలన్న యావ కూడా పెరిగింది. పిచర్లు వేళ్లకు జిగురు పూసుకుని స్పిన్ పెంచుతున్నారని గోల లేచి, 2021 జూన్‌లో అంపైర్లు పిచర్ల చేతులు, టోపీలు, బెల్టులు తనిఖీ చేయడం మొదలుపెట్టారు. 1920 నాటి ఉమ్మి ఇంకో రూపంలో తిరిగొచ్చింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. స్పిన్‌తో లెక్కగడితే వచ్చే వంపుకీ కెమెరా చూపే వంపుకీ కొన్ని బంతుల్లో పొంతన కుదరలేదు. యూటా స్టేట్ యూనివర్సిటీలో బార్టన్ స్మిత్ బృందం దీన్ని పట్టుకుంది. కుట్లు ఉన్న చోట గాలి బంతిని తొందరగా వదిలేస్తుంది, దాంతో బంతి అదనంగా జరుగుతుంది. కొన్ని స్వీపర్లకు ఆ అదనపు జరుగుడు ఇక్కణ్ణించే వస్తుంది. సీమ్‌ని నిటారుగా నిలబెట్టి స్వింగ్ చేసే మన పేసర్లకు ఇది చెబితే, ఇందులో కొత్తేముంది అంటారు.

కాబట్టి స్వీపర్ పాతదా కొత్తదా? చేతికి పాతది. అలా అడ్డంగా ఊడ్చే స్లైడర్లు వేసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే వాళ్లకది చేతివాటంగా కుదిరింది. ఇప్పుడు కుర్ర పిచర్‌ని హైస్పీడ్ కెమెరా ముందు నిలబెట్టి, వేళ్లు ఇంత జరుపు, ఇన్ని అంగుళాలు వస్తుంది అని కొన్ని వారాల్లో నేర్పిస్తున్నారు. కావాలని తయారుచేసుకునే వస్తువుకి వేరే పేరు అక్కరకొస్తుంది. న్యూయార్క్ జట్టు యాంకీస్ దీన్నే వర్లీ అంటారు. పేరు ఏదైనా, మామూలు స్లైడర్‌కి సిద్ధపడ్డ బ్యాటర్ దీన్ని అందుకోలేడు.

స్టాట్‌కాస్ట్ పాత రికార్డులకు కూడా కొత్త పేరు తగిలించింది. 2022లో ఒహ్తానీ వేసినప్పుడు స్లైడర్ అని చెప్పుకున్న బంతులు చాలావరకు ఇప్పుడు స్వీపర్ల ఖాతాలో ఉన్నాయి.