డెమో సింథ్‌లో పాట కట్టే పిల్లలకు

నల్లగొండ

ప్రియమైన పిల్లలకు,

పోయిన వారం దేవరకొండ నుంచి ఒక పాప ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతోంది. "తాతా, మూడు రాత్రులు కూసొని బతుకమ్మ పాటకు మ్యూజిక్ చేసిన. ఇయ్యాల తెరిస్తే నేను చేసిన సౌండ్ లేదు. నోట్స్ అన్నీ ఉన్నయి, ఏదో వేరే సౌండ్‌ల మోగుతున్నయి" అన్నది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. కంప్యూటర్ పాడైందేమోనని ఇంట్లో అందరూ టెన్షన్ పడ్డారట. కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. ఆమె వాడింది డెమో సింథ్, అంటే కొనేముందు వాయించి చూడమని కొన్ని పనులు ఆపేసి ఉచితంగా ఇచ్చే సింథసైజర్ ప్రోగ్రామ్.

ఫోన్‌లో రెండు మాటలు చెప్పాను గానీ మనసు ఊరుకోలేదు. ఈ మధ్య మన దగ్గరా, అటు పాలమూరు దిక్కూ లాప్‌టాప్ మీద జానపద పాటలకు మ్యూజిక్ కట్టే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. చేతిలో డబ్బుండదు కాబట్టి మొదలుపెట్టేది డెమోలతోనే. ఆ పాప ఏడ్చినట్టు ఇంకొకరు ఏడవకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఆ సౌండ్ ఎక్కడికి పోయిందో చెబుతాను.

సింథసైజర్‌లో రికార్డు చేసి దాచిన శబ్దం ఉండనక్కర్లేదు. మీరు కీ నొక్కగానే అది అప్పటికప్పుడు లెక్క కడుతుంది. సీడీ నాణ్యతలో అయితే సెకనుకు 44,100 సంఖ్యలు. అవే స్పీకర్‌లోకి వెళ్లి శబ్దమవుతాయి. లెక్క ఎలా కట్టాలో చెప్పేవి తెర మీది నాబ్‌లు: ఏ తరంగంతో మొదలవ్వాలి, శబ్దంలో కొంత భాగాన్ని ఆపే ఫిల్టర్ ఎంత తెరవాలి, శబ్దం ఎంత నెమ్మదిగా లేవాలి, ఎంతసేపట్లో ఆరిపోవాలి. ఆ నాబ్‌లు ఏది ఎక్కడుందో రాసిపెట్టిన చీటీ లాంటిదే ప్యాచ్. ప్రీసెట్ అన్నా అదే. మూడు రాత్రుల కష్టమంతా ఆ చిన్న చీటీలో పట్టేస్తుంది.

మీరు ప్రాజెక్ట్ సేవ్ చేసినప్పుడు మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తన లోపల నడిచే సింథ్ లాంటి ప్రతి ప్లగిన్‌నూ "నీ చీటీ ఇవ్వు" అని అడుగుతుంది. నోట్స్, టెంపో, ట్రాక్‌ల పేర్లు సాఫ్ట్‌వేర్ దగ్గరే ఉంటాయి. సింథ్ లోపలి సంగతి మాత్రం సింథే చెప్పాలి. సేవ్ తీసేసిన డెమో ఆ చీటీ ఇవ్వదు. ప్రాజెక్ట్ సేవ్ అయినట్టే కనబడుతుంది, మళ్లీ తెరిస్తే సింథ్ తన మామూలు సౌండ్‌తో లేస్తుంది. మీ నోట్స్‌ను దాంతోనే వాయిస్తుంది.

నాకూ ఇది జరిగింది. నేను చిరుతల రామాయణానికి హార్మోనియం వాయించిన వాణ్ణి, తర్వాత ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్. ఇంట్లో ఒక గదికి పరుపులు కట్టి రికార్డింగ్ మొదలుపెట్టిన కొత్తలో, సూర్యాపేట దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన పెద్దగట్టు లింగమంతుల స్వామి మీద పాట పాడడానికి వస్తానన్నాడు. ఆయన గొంతు కింద నిలబడే శృతి కోసం ఒక డెమో సింథ్‌లో రెండు రోజులు కష్టపడ్డాను. హార్మోనియం తిత్తి నిండుగా ఉన్నప్పుడు వచ్చే ఊపిరి లాంటి శబ్దం అది. వినగానే ఒళ్లు పులకరించింది. సేవ్ చేశాను. మూడో రోజు ఆయన రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆ శబ్దం లేదు. వేరే టోన్ పెట్టి పాడించాను. పాట బాగానే వచ్చింది, ఆయన సంతోషంగానే వెళ్లాడు. కానీ ఆ శృతి నాకు ఇప్పటికీ మళ్లీ దొరకలేదు. ఆ సింథ్ తయారుచేసిన వాళ్ల తప్పేమీ లేదు. డౌన్‌లోడ్ పేజీలో సేవ్ కాదని ఒక వాక్యం రాసే ఉంది. నేను చదవలేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. డెమోలో మంచి టోన్ కుదిరితే నోట్‌బుక్ తీసి నాబ్‌ల అంకెలన్నీ రాసుకుంటాను. ఇది కొత్త పద్ధతేం కాదు. 1970లో వచ్చిన మినీమూగ్ సింథ్‌కు జ్ఞాపకమే లేదు. వాయించేవాళ్లు నాబ్‌ల బొమ్మలున్న కాగితాల మీద ముల్లు ఎటు ఉందో గీసుకునేవారు, కచేరీలో చూసుకుంటూ తిప్పుకునేవారు. 1978లో ప్రాఫెట్-5 వచ్చాకే, చిన్న కంప్యూటర్ చిప్ సాయంతో టోన్‌లన్నీ దాచుకుని బటన్ నొక్కి పిలుచుకునే వీలు చేతికొచ్చింది. సేవ్ లేని డెమో మిమ్మల్ని మళ్లీ మినీమూగ్ కాలానికి తీసుకెళుతుంది. రాసుకోవడం విసుగే. అయినా నెల రోజులు రాసినవాడికి ఏ నాబ్ ఏం చేస్తుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్‌తో తెరను ఫొటో తీసుకున్నా పని జరుగుతుంది గానీ, నా మాట వింటే రాయండి.

డెమోలన్నీ ఒకే తీరుగా ఉండవు, చిక్కంతా అక్కడే. కొన్నింటికి గడియారం ఉంటుంది. 20 నిమిషాలో 30 నిమిషాలో మోగి ఆగిపోతాయి, తీసి మళ్లీ పెట్టుకోవాలి. పియానోటెక్ అనే ఫ్రెంచ్ సాఫ్ట్‌వేర్ పియానోను తీగల భౌతికశాస్త్రం లెక్కలతోనే మోగిస్తుంది. దాని డెమో 20 నిమిషాలు నడుస్తుంది, పైగా కొన్ని కీలు మూగగా ఉంటాయి. మొదటిసారి వాయించినప్పుడు నాకు మా ఊరి భజన గుడిలోని పాత హార్మోనియం గుర్తొచ్చింది. దానికీ కొన్ని రీడ్లు పలికేవి కావు, వాటిని తప్పించుకుంటూ వాయించేవాళ్లం. పలకని మెట్టు ఉన్నా ఆ పెట్టె గొంతు ఎంత మంచిదో తెలుస్తూనే ఉండేది. పియానోటెక్ డెమోలోనూ అంతే, గొంతు పూర్తిగా వినిపిస్తుంది.

మిమ్మల్ని ఎక్కువ తికమక పెట్టేది చప్పుడు కలిపే రకం. బెర్లిన్‌లోని యు-హీ వాళ్ల సింథ్‌లు, జీబ్రా, దివా లాంటివి, డెమోలో ఉన్నప్పుడు వేళాపాళా లేకుండా సన్నగా చిటపటమంటాయి. ఇంకొందరు మధ్యమధ్యలో నిశ్శబ్దం పెడతారు. లెక్క ప్రకారం వచ్చే చప్పుడైతే ఆ మధ్య ఖాళీలో రికార్డు చేసేసుకోవచ్చు. ఎప్పుడొస్తుందో తెలియకపోతే కుదరదు. ఆ చప్పుడు సింథ్ శబ్దంలోనే కలిసి బయటికొస్తుంది కాబట్టి, దాని మీద రివర్బ్ (ప్రతిధ్వని) పెడితే చిటపట కూడా గుడి గంటలా సాగుతుంది. ఆడియోగా దింపినా అందులో ఉండిపోతుంది, తర్వాత తుడవడం మీ వల్ల కాదు.

ఇది తెలియక మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెండు కేబుళ్లు మార్చాడు, సౌండ్ కార్డు కూడా మార్చబోయాడు. చిటపట వినబడగానే ముందు ఇలా చూడండి. ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్‌ను, అంటే కంప్యూటర్ ముందే లెక్క కట్టి ఉంచుకునే సంఖ్యల నిల్వను, 512కో 1024కో పెంచండి. చప్పుడు పోతే కంప్యూటర్ లెక్క అందుకోలేకపోయిందని అర్థం. పోకపోతే ఆ ఒక్క సింథ్‌ను ఆపి మిగతా ట్రాక్‌లు వినండి. అప్పుడు శుభ్రంగా ఉంటే అది డెమో చప్పుడే అయ్యుండవచ్చు. కేబుల్ జోలికి ఆఖరున వెళ్లండి.

రోజుల లెక్కన నడిచేవీ ఉన్నాయి. రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఏ అడ్డూ లేకుండా పనిచేస్తుంది. ఇలాంటివి పరీక్షల ముందు ఇన్‌స్టాల్ చేయకండి. మీరు తెరిచినా తెరవకపోయినా రోజులు పోతూనే ఉంటాయి. సెలవులు మొదలైన రోజు పెట్టుకోండి.

మీలో సగం మంది వాడే ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ పద్ధతి వేరు. అందులో గడువు లేదు, సేవ్ అవుతుంది, పాటను ఎమ్‌పీ3గానో వేవ్‌గానో దింపుకోవచ్చు కూడా. సేవ్ చేసిన ప్రాజెక్ట్‌ను మళ్లీ తెరవడానికి మాత్రం కొనాలి. కొన్నాక పాతవన్నీ తెరుచుకుంటాయి, మీ కష్టం పోదు. కాబట్టి అందులో పని చేసేటప్పుడు మూసేముందు ప్రతి ట్రాక్‌నూ విడివిడిగా వేవ్ ఫైల్‌గా దింపి పెట్టుకోండి. అన్నీ కలిపి ఒకే ఫైల్ చేస్తే రేపు డప్పు ఒక్కటే తగ్గించాలన్నా కుదరదు.

విడిగా దింపుకోవడం ఏ డెమోకైనా పనికొస్తుంది. ప్రాజెక్ట్ ఫైల్ ఒక వంట చిట్టా లాంటిది. దాంతో మళ్లీ వండాలంటే ఆ సింథ్ ఉండాలి, దాని చీటీ ఉండాలి. వేవ్ ఫైల్ అంటే వండిన అన్నం. ఏ కంప్యూటర్‌లోనైనా ఉన్నది ఉన్నట్టు మోగుతుంది. టోన్ నచ్చిన నిమిషంలోనే దింపండి, సాయంత్రం చూద్దామనుకోవద్దు. డబ్బు తీసుకుని చేసే పాటలో డెమో శబ్దం వాడొచ్చా అనేది కంపెనీని బట్టి ఉంటుంది, కొందరు ఒప్పుకోకపోవచ్చు. లైసెన్స్ పేజీలో ఆ ముక్క వెతికి చదవండి.

ఇక క్రాక్ సంగతి, అంటే డబ్బు కట్టకుండా తాళం విప్పేసిన దొంగ కాపీ సంగతి. మీరు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి ఎవరో ఒకరు ఇస్తారు. ప్లగిన్ అంటే మీ కంప్యూటర్‌లో మీ పేరు మీద నడిచే ప్రోగ్రామ్. ఎవరో విప్పి మళ్లీ కుట్టిన ప్రోగ్రామ్ మీ ఫొటోలను, పాస్‌వర్డ్‌లను, మీ నాన్న బ్యాంక్ లాగిన్‌ను కూడా చూడగలదు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, అది పనిచేసే తీరే అంత.

ఇంతకన్నా నాకు ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర మీరు వినే ఉంటారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు కలిపి ఆ వాయిద్యాన్ని పలికించేంతగా కట్టడానికి ఎంత ఓపిక కావాలో ఒక్కసారి ఆలోచించండి. మంచి సింథ్ వెనకా అలాంటి చేతులే ఉంటాయి. చాలా సింథ్‌లు పెద్ద కంపెనీలవి కూడా కావు. సింథ్1 అనే ఉచిత సింథ్ జపాన్‌కు చెందిన ఇచిరో తోడా ఒక్కడు రాసింది. వైటల్ అనే సింథ్‌ను 2020లో విడుదల చేసిన మాట్ టైటెల్ కూడా ఒంటరిగానే రాశాడు. డెమో అంటే వాళ్లు తమ వాయిద్యాన్ని మన చేతికిచ్చి వాయించి చూడమనడం. మన మార్కెట్లో బత్తాయి కోసి ఒక తొన చేతిలో పెడతారు చూడండి, అంత మర్యాద అది. తొన తిని సంచి ఎత్తుకుపోయే పిల్లలు కారు మీరు.

డబ్బులేని వాళ్లకు దారి లేదనుకోవద్దు. సీరమ్ అనే సింథ్‌ను 189 డాలర్లకు అమ్మేవారు, మన పిల్లలకు అది చాలా ఎక్కువ. 2016లో దాన్ని నెలకు 9.99 డాలర్ల చొప్పున కట్టుకుంటూ సొంతం చేసుకునే పద్ధతి వచ్చింది. అది కూడా భారమైతే పూర్తిగా ఉచితమైనవే వాడండి. వైటల్ ఉచిత రూపంలో సింథ్ అంతా ఉంటుంది, సిద్ధంగా ఇచ్చే టోన్‌లే తక్కువ. 1983 నాటి యమహా డీఎక్స్7 సింథ్ సౌండ్లు కావాలంటే డెక్సెడ్ అనే ఉచిత సింథ్ ఉంది. ఇక సర్జ్ అనే సింథ్ ఒకప్పుడు డబ్బులకు అమ్మినది. దాన్ని రాసిన క్లాస్ యోహాన్సన్ 2018లో కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేశాడు, ఇప్పుడు ఎంతోమంది కలిసి సర్జ్ ఎక్స్‌టీ పేరుతో పెంచుతున్నారు. నేను రోజూ వాడేది అదే.

అందులో స్ట్రింగ్ అనే ఆసిలేటర్ (శబ్ద తరంగాన్ని పుట్టించే భాగం) ఉంది, మీకు తప్పకుండా చూపించాలి. తీగ మీటిన శబ్దాన్ని లెక్కలతో పుట్టించే ఉపాయం ఒకటి 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ రాశారు. వర్షం హోరు లాంటి శబ్దపు చిన్న తునకను తీసుకుని గుండ్రంగా తిప్పుతూ ఉండాలి, ప్రతి తిరుగుడులో పక్కపక్క సంఖ్యల సగటు తీయాలి. కరకరలాడే పై శబ్దాలు ముందు ఆరిపోతాయి, కింది స్వరం కాసేపు నిలుస్తుంది. చెవికి అచ్చం తీగే. తునకలో 100 సంఖ్యలుంటే సెకనుకు సుమారు 441 తిరుగుళ్లు, అదే దాని స్వరం. పొడవు పెంచితే స్వరం దిగుతుంది, వీణ మీద వేలు జరిపినట్టే. ఆ జాతి ఆసిలేటరే ఇది. దీనితో కిన్నెరకు దగ్గరగా వచ్చే ప్యాచ్ ఒకటి కడుతున్నాను. మీటు బాగానే కుదిరింది, బుర్రలోంచి వచ్చే ఆ గుమ్మనే ధ్వని ఇంకా రాలేదు.

దేవరకొండ పాపా, నీ ప్రాజెక్ట్‌లో నోట్స్ భద్రంగా ఉన్నాయి కదా, వాటిని మిడి ఫైల్‌గా, అంటే నోట్స్ మాత్రమే ఉండే ఫైల్‌గా, దింపి తీసుకురా. నువ్వు చేసిన టోన్ ఎలా ఉండేదో నోటితో అని చూపించినా చాలు. ఆదివారం పొద్దున పది గంటలకు గది తెరిచే ఉంటుంది. సర్జ్‌లో మళ్లీ కడదాం, ఈసారి సేవ్ అవుతుంది. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

మీ తాత