డ్రైక్లీనింగ్ చేయించే దాచాం, మరి ఈ మరక ఎక్కడిది? పెళ్లిబట్టల మీద అపోహలు, వాస్తవాలు

శ్రావణమాసం వచ్చిందంటే సికింద్రాబాద్‌లోని మా డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్ మీద రోజుకొక్కసారైనా ఈ ప్రశ్న పడుతుంది. వరలక్ష్మీ వ్రతానికని బీరువాలోంచి పెళ్లిచీర తీస్తారు. మడత విప్పితే భుజం దగ్గర అరచేయంత గోధుమరంగు మచ్చ. ఇక అనుమానాలు మొదలు. అమ్మినవాడు పాత సరుకు అంటగట్టాడా? ఉతికినవాడు యాసిడ్ పోశాడా? ఆడపడుచు చెప్పకుండా కట్టుకుందా? ఆ మూడో అనుమానంతో మాటలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

అపోహ: మరక కనబడటం లేదు, పైగా డ్రైక్లీనింగ్ అయింది. ఇంకేం భయం?

వాస్తవం: డ్రైక్లీనింగ్ అంటే నీళ్లు లేని ఉతుకు. పాతవాళ్లు పెట్రోల్ వాష్ అనేది అందుకే. మేం వాడే ఎంటీఓ (పెట్రోలియం నుంచి తీసే టర్పెంటైన్ ద్రావకం) అయినా, పెద్ద మెషిన్లలో పోసే పర్క్ (పర్‌క్లోరోఎథిలీన్ అనే రసాయనం) అయినా జిడ్డును కరిగిస్తాయి. నెయ్యి పోతుంది, తలనూనె పోతుంది, లిప్‌స్టిక్ పోతుంది. పంచదార పోదు, బెల్లం పోదు, చెమటలోని ఉప్పు పోదు. అవి నీళ్లకే కరుగుతాయి.

తెలుగు పెళ్లిలో బెల్లం ఎక్కడుంటుందో నేను చెప్పాలా? జీలకర్ర-బెల్లం ముద్ద తల మీద పెట్టి పట్టుకోమంటారు. ఫొటోగ్రాఫరేమో "ఇంకొక్కసారి, ఇటు చూడండి" అంటాడు. ఈలోగా బెల్లం నీరు జడ పక్కనుంచి మెడ మీదికి, జాకెట్టు వీపు మీదికి, ఎడమ భుజం మీద పైట కుచ్చిళ్లలోకి జారుతుంది. ఆరాక కంటికి కనబడదు. చీర షాపుకొస్తుంది, పెట్రోల్ వాష్ అవుతుంది, పాలిష్ అయి తళతళలాడుతూ ఇంటికెళ్తుంది. బెల్లం మాత్రం పోగుల్లోనే ఉండిపోతుంది. బీరువా వేడికి, గాలికి మెల్లగా రంగు తిరుగుతుంది. పాకం ముదిరినట్టే, కాకపోతే పొయ్యి లేకుండా ఏళ్లు పడుతుంది. తీపికి పురుగు చేరడం అదనం.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. 1996లో మా అక్క పెళ్లి. అప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నాను. మెరూన్ కంచిపట్టు, ఆకుపచ్చ అంచు. "నా తమ్ముడే చేయాలి" అని అక్క పట్టుబడితే నేనే వాష్ చేసి, పాలిష్ పెట్టి, గర్వంగా పట్టుకెళ్లి ఇచ్చాను. ఏడేళ్లకు వాళ్ల ఇంట్లో గృహప్రవేశానికని తీస్తే భుజం మీద మచ్చ. నాన్న దాన్ని వెలుతురుకు పెట్టి చూసి "బెల్లంరా" అన్నాడు, అంతే. ఎంత చేసినా మచ్చ పలచబడిందే గానీ పోలేదు. అక్కడ పట్టు కూడా చివికింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మచ్చ లోపలి మడతలోకి వెళ్లేలా కుచ్చిళ్లు పెట్టుకుని ఇప్పటికీ కడుతుంది.

కాబట్టి చీర ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పండి: ఇక్కడ బెల్లం, ఇక్కడ కూల్‌డ్రింక్, ఇక్కడ పానకం. మొహమాటం దేనికి? మీరు చెబితే అంచు మూల రంగు దిగుతుందో లేదో చూసి, కింద గుడ్డ పరిచి, అంతమేర నీటితో అద్ది తీసి, ఆ తర్వాత మెషిన్లో వేస్తాం. చెప్పకపోతే మాకూ కనబడదు. పెళ్లయిన వారంలోపు తెస్తే మంచిది. ఏడాది దాటిందని ఏడవక్కర్లేదు, చాలావాటికి ఇంకా దారి ఉంటుంది. ఇంట్లో మాత్రం తడిగుడ్డ పెట్టి రుద్దకండి, నీటిచార ఇంకో మరకవుతుంది.

పట్టుచీరలకే కాదు ఈ కథ. చర్చి పెళ్లి తెల్లగౌను మీద కేకు క్రీమైనా, ద్రాక్షరసమైనా అంతే. తెలుపు మీద ఇంకా ముందే పసుపుపచ్చగా బయటపడుతుంది. హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్ల ఖడా దుపట్టాల మీద చేత్తో కుట్టిన జర్దోజీకి (లోహపు తీగల పనికి) డ్రైక్లీనింగ్‌లో పెద్దగా భయం లేదు. జిగురుతో అతికించిన రాళ్ల లెహంగా అయితేనే ముందు అడగండి, మా ద్రావకానికి ఆ జిగురు ఊడొచ్చు.

గౌను మాట వచ్చింది కాబట్టి: తెల్లగౌను క్రైస్తవంలో మొదటినుంచీ ఉందనేది తప్పు. 1840 ఫిబ్రవరిలో ఇంగ్లండులో విక్టోరియా రాణి తెల్ల శాటిన్, హానిటన్ అనే చేతి లేసుతో పెళ్లి చేసుకున్నాక ఆ మోజు పెరిగింది. అంతకుముందు అక్కడి పెళ్లికూతుళ్లు తమకున్న మంచి గౌను ఏ రంగుదైనా వేసుకునేవాళ్లు. "పెళ్లిలో తెలుపు అశుభం" అనే మనవాళ్లు ఎర్రంచు తెల్ల మధుపర్కాలు కట్టుకునే తలంబ్రాలు పోసుకున్నారు, మర్చిపోయారు.

పసుపు మరకకు సబ్బు పెడితే పోతుందా? పోదు, ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి కదా, సబ్బులోని క్షారానిదీ అదే పని. ఎర్రమరకతో వచ్చి "కుంకుమ పడింది" అని వాదించేవాళ్లతో నాకు ఓపిక అయిపోయింది.

జరీ నల్లబడితే నకిలీ? అలా తేల్చేయకండి. రాగి తీగ జరీ నల్లబడుతుంది, అసలు జరీలోని వెండీ నల్లబడుతుంది. గాలిలోని గంధకం తగిలితే పట్టీలు నల్లబడినట్టే. ప్లాస్టిక్ జరీ అలా నల్లబడదు. చీరకు రబ్బరుబ్యాండు వేసి దాచకండి, అందులోనూ గంధకం ఉంటుంది. అలాగని పాత చీరలో తులాల బంగారం ఉందని వీధిలో కొనేవాడి మాట నమ్మకండి. మంచి జరీలో కూడా నూరు గ్రాములకు గ్రాము బంగారం ఉండదు. వాడికి కావాల్సింది వెండి.

2004లో వచ్చిన సిల్క్ మార్క్ ముద్ర చీరలోని పట్టు అసలుదని చెబుతుంది. జరీ అసలుదా, చేమగ్గం మీద నేసిందా అన్నది చెప్పదు.

కట్టకుండా దాస్తే చీర నిలుస్తుందనేది కూడా ఉత్తదే. ఒకే మడత మీద ఏళ్లుంటే అక్కడే చిరుగుతుంది. ప్లాస్టిక్ కవరు తీసేయండి. గంజి పోయేలా ఉతికిన పాత నూలుపంచెలో చుట్టండి. మూణ్నాలుగు నెలలకోసారి నీడలో ఆరేసి, మడత మార్చండి. ఏడాదికోసారైనా కట్టుకోండి, ఎవరి కోసం దాస్తారు?

ఈ మాఘంలో మా అక్క కూతురి పెళ్లి. ముద్దలో నీళ్లు తక్కువ కలపమని పురోహితుడికి ఇప్పుడే చెప్పేశాను. అక్క ఒక తెల్ల తువ్వాలు తీసి పక్కన పెట్టుకుంది, జడ కింద భుజం మీద పరుస్తానని. ఫొటోల్లో బాగోదని పిల్ల గొడవ చేస్తోంది.