నికానా, క్యాననా, సోనీనా? ఫోటోగ్రాఫర్ల బ్రాండ్ పట్టుదల: అపోహలు - వాస్తవాలు

ఆషాఢం వచ్చిందంటే తిరుపతిలో మా ఫోటోగ్రాఫర్లకు పని తక్కువ, మాటలు ఎక్కువ. ముహూర్తాలు ఉండవు. పెండింగ్ ఆల్బమ్‌లన్నీ డిజైనర్ దగ్గర ఉంటాయి. సాయంత్రం టీ అంగడి దగ్గర నలుగురం చేరితే చాలు, రెండో టీ వచ్చేలోపు నికానా, క్యాననా, సోనీనా అన్న పంచాయితీ మొదలవుతుంది. ఒకసారి ఇద్దరు మాటామాటా అనుకుని నెల రోజులు పలకరించుకోలేదు. ఆ ఇద్దరి ఫోటోలూ ఆ సీజనంతా ఒకే ల్యాబ్‌లో, ఒకే పేపర్ మీద ప్రింటయ్యాయి.

నేను 2003 నుంచి ఈ పనిలో ఉన్నాను, మొదటి నుంచీ నికానే. కాబట్టి ఈ పంచాయితీలో నేను పెద్దమనిషిని కాను, ఒక పక్షం వాడిని. అయితే ఈ పట్టుదల ఎక్కడ పుడుతుందో నా ఒంటి మీదే చూసుకున్నాను.

అపోహ: అన్ని కంపెనీలవీ పోల్చి చూసి, మంచిదేదో తేల్చుకునే బ్రాండ్ ఎంచుకుంటాం

అలా కొన్నవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఎవరి బ్యాగు మోశామో వాళ్ళ బ్రాండే మనకు అంటుకుంటుంది. నేను చేరిన స్టూడియోలో మా గురువు చేతిలో ఉన్నది నికాన్ ఎఫ్ఎం10. రోలుకు 36 ఫ్రేములు. అందులో ఒక్కటి నా చేత నొక్కించడానికి ఆయనకు ఏడాది పట్టింది. అంతవరకూ నా పని లెన్స్ అందించడం, ఫ్లాష్ సెల్స్ మార్చడం, గొడుగు పట్టుకుని నిలబడటం. "కరెంటు పోయినా లెన్స్ మార్చగలగాల రా" అంటూ నా చేత కళ్ళు మూయించి లెన్స్ మార్పించేవాడు. ఎటు తిప్పితే బిగుస్తుందో ఆ ఏడాదిలో నా మణికట్టుకు తెలిసిపోయింది. 2009లో సొంత డబ్బుతో కెమెరా కొనడానికి వెళ్ళినప్పుడు, షాపులో మిగతా కంపెనీల అద్దాల బీరువా వైపు కన్నెత్తి చూడలేదు. నికాన్ డి90 ఇవ్వమన్నాను, అంతే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ఎఫ్ఎం10ని నికాన్ పేరు మీద తయారుచేసింది కొసీనా అనే ఇంకో జపాన్ కంపెనీ. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. నా నికాన్ భక్తికి మూలవిరాట్టు నికాన్ ఫ్యాక్టరీలో పుట్టనే లేదన్నమాట!

అపోహ: "క్యానన్‌లో స్కిన్ టోన్ బాగుంటుంది, నికాన్ పచ్చ కొడుతుంది, సోనీలో ముఖం పాలిపోతుంది"

ఈ ముక్క నేను విన్నన్నిసార్లు పెళ్ళిళ్ళలో గట్టిమేళం కూడా విని ఉండను.

కొంత నిజం లేకపోలేదు. కెమెరా తానే రంగులు సర్ది ఇచ్చిన జేపెగ్ ఫోటోను ఉన్నదున్నట్టు పార్టీకి ఇచ్చేస్తే, ఏ కంపెనీ రంగు ఆ కంపెనీదే. ఎరుపు ఎంత, పసుపు ఎంత అన్నది వాళ్ళ ఇంజనీర్లు ముందే వండి పెట్టి ఉంటారు. రంగులు సర్దకుండా కెమెరా పట్టింది పట్టినట్టు దాచే 'రా' ఫైల్‌లో తీస్తే మాత్రం ఆ గరిటె మన ఎడిటర్ చేతికి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అతను ఏ ప్రొఫైల్ పెట్టాడు, తెలుపు తెల్లగా కనబడేలా సర్దే వైట్ బ్యాలెన్స్ ఎంత జరిపాడు అన్నదాంతో వచ్చే తేడా ముందు బ్రాండ్ల తేడా చిన్నది.

అసలు మన పెళ్ళిలో ముఖం మీద ఏ వెలుతురు పడుతుందో ఒకసారి చూడండి. నలుగు పెట్టిన పసుపు ఇంకా పూర్తిగా పోయి ఉండదు. దాని మీద మేకప్. ఎర్ర పట్టుచీర మీద నుంచి గడ్డం కిందికి ఎక్కే ఎరుపు. మండపం పైన ఊదా రంగు, నీలం రంగు ఎల్ఈడీలు. ఎదురుగా వీడియో వాళ్ళ తెల్ల లైటు. ఇంత కలగూరగంప మీద పడితే పెళ్ళికూతురి అసలు రంగేదో వాళ్ళమ్మ కూడా చెప్పలేదు. పాపం, కెమెరాలో ఫిల్ము బదులు ఉండే సెన్సార్ ఏం చెబుతుంది?

ఏ కెమెరా అయినా ఎలా తడబడుతుందో చూడాలంటే మా గంగమ్మ జాతరకు రావాలి. బైరాగి వేషం నాడు ఒంటినిండా తెల్లని నామకొమ్ము, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గుపొడి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరును నమ్ముకుంటే బైరాగి బూడిద రంగులోకి దిగిపోతాడు, తోటి వెలిసిపోతాడు. అన్నిటికన్నా కష్టం బండ వేషం. మే నెల ఎండలో ఎర్రటి ఒళ్ళు. ఫోటోలో వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్, అదే మామూలు హిస్టోగ్రామ్, చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. రంగుల హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు ఒక్కటే కుడిగోడకు కొట్టుకుని ఉంటుంది. కుంకుమలోని మెరుపు, గరుకు అన్నీ పోయి ఎర్ర పెయింటు పూసినట్టు వస్తుంది. వెలుతురును ఒక స్టాప్ దాకా, అంటే సగం దాకా, తగ్గించి తీసుకోవాలి. మూడు బ్రాండ్లతోనూ మావాళ్ళం ఆ జాతర తీశాం, మూడింటిదీ ఇదే కథ.

ఒక పెళ్ళికి నాది నికాన్, స్నేహితుడిది సోనీ, పోజులు లేని క్యాండిడ్ ఫోటోలు తీసే కుర్రాడిది క్యానన్. ముగ్గురి ఫైళ్ళనూ ఒకే ఎడిటర్ సరిచేశాడు. ఆల్బమ్ డెలివరీకి ముందు టీ అంగడి దగ్గర తెరిచి, ఏది ఎవరిదో చెప్పమన్నాను. క్యానన్ తప్ప ఇంకోటి ముట్టనని ఒట్టేసుకున్న పెద్దాయన ఒక క్లోజప్ మీద వేలు పెట్టి "ఇదిరా క్యానన్ అంటే" అన్నాడు. అది సోనీ. నవ్వడానికి నాకూ ముఖం చెల్లలేదు, ఎందుకంటే నావే నేను సగం గుర్తుపట్టలేకపోయాను.

అపోహ: అయితే ఏ కెమెరా అయినా ఒకటే, ఒక బ్రాండ్ పట్టుకుని వేలాడేవాడు మూర్ఖుడు

నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను.

తిరుచానూరు దగ్గర ఒక మండపంలో పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున 4:40. జీలకర్ర బెల్లానికి ముందు మా కుర్రాడి చేతిలోంచి నా కెమెరా బాడీ (లెన్స్ కాక మిగతా భాగం) జారి మెట్ల మీద పడింది. వీడియో తీస్తున్న స్నేహితుడి దగ్గర ఖాళీగా ఉన్న క్యానన్ 5డి మార్క్ 3, ఒక లెన్స్ తీసుకున్నాను. లెన్స్ బిగించబోతే మణికట్టు దాని అలవాటు కొద్దీ తిరిగింది. నికాన్ లెన్స్ ఎటు తిప్పితే బిగుస్తుందో, క్యానన్ దానికి ఎదురు. రెండుసార్లు తప్పు తిప్పాను. ఆన్ చేద్దామని షటర్ బటన్ చుట్టూ వేలితో తడిమాను. నికాన్‌లో స్విచ్ అక్కడే ఉంటుంది. దీనికి ఎడమ భుజం మీద ఉంది.

ఇవి దాటుకుని మాంగల్యధారణకు సిద్ధమయ్యాను. వెలుతురు చాలలేదు. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అదే అపర్చర్‌ను, 5.6 నుంచి 2.8కి (అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) తెరుద్దామని చూపుడువేలి చక్రాన్ని మీటరు మధ్యకొచ్చేదాకా తిప్పాను. నికాన్‌లో మాన్యువల్ మోడ్‌లో చూపుడువేలిది అపర్చర్, బొటనవేలిది షటర్ స్పీడ్. క్యానన్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. నేను అపర్చర్ తెరిచాననుకున్నాను. నిజానికి షటర్ స్పీడ్‌ను 1/125 సెకను నుంచి 1/30 సెకనుకు దించేశాను, అంటే షటర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండి కదిలేదల్లా చెదిరిపోతుంది. కావలసినంత వెలుతురు వచ్చింది కాబట్టి వెనక స్క్రీన్‌లో తప్పు కనబడలేదు. గట్టిమేళం మోగింది, అక్షింతలు పడ్డాయి, మూడు ముళ్ళూ పడిపోయాయి. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే పెళ్ళికొడుకు చేతులు పొగలా ఉన్నాయి, అక్షింతలు గీతలుగా ఉన్నాయి. చివరికి వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి ఆల్బమ్‌లో పెట్టాం. "ఏం సామీ, తాళి కట్టేటప్పుడు ఇదొక్కటేనా?" అన్నాడు పెళ్ళికూతురు తండ్రి. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

తప్పు క్యానన్‌ది కాదు. పదిహేనేళ్ళు క్యానన్ వాడినవాడికి ఆ రోజు నా నికాన్ ఇచ్చినా ఇదే జరిగేది. పాత నికాన్లలో మీటరు స్కేలు మీద ప్లస్ (వెలుతురు ఎక్కువైందని చూపే వైపు) ఎడమ పక్క ఉండేది, క్యానన్‌లో కుడి పక్క. తీరిగ్గా కూర్చుని చూస్తే ఇవన్నీ చిన్న విషయాలే. కానీ మూడు ముళ్ళు పడే ఆ కాసేపట్లో ఆలోచించడానికి టైముండదు, వేళ్ళు వాటంతట అవే పోవాలి. బ్రాండ్ పట్టుదలలో సగం ఈ వేళ్ళదే. దాన్ని మూర్ఖత్వం అనను. వేరే బ్రాండ్‌కు మారేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఆషాఢంలో మారండి. కొత్త కెమెరాతో రెండు నెలలు పిల్లల పుట్టినరోజులు తీయండి, ఆ తర్వాతే మండపం ఎక్కండి.

అపోహ: కంపెనీని నమ్ముకుంటే కంపెనీ మనల్ని వదలదు

మిగతా సగం పట్టుదల లెన్సులది. బాడీ నాలుగేళ్ళకు మారిపోతుంది, మంచి లెన్స్ పదిహేనేళ్ళు పని చేస్తుంది. మూడు లెన్సులు కొన్నాక మనం బాడీని ఎంచుకోవడం ఉండదు, లెన్సులే బాడీని ఎంచుకుంటాయి. వేరే కంపెనీకి పోవాలంటే లెన్సులు, ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, బ్యాటరీలు అన్నీ సెకండ్స్‌లో వచ్చిన కాడికి అమ్ముకోవాలి. కార్డులకూ ఇదే తంటా. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే మెమరీ కార్డుల్లో నికాన్, క్యానన్‌లకు టైప్ బి కావాలి, సోనీకి టైప్ ఎ.

కంపెనీలకు ఈ లెక్క తెలుసు. అయినా అవసరం వచ్చినప్పుడు వాళ్ళే మౌంటును, అంటే బాడీకి లెన్స్ బిగిసే చోటును, మార్చేశారు. క్యానన్ 1987లో ఎఫ్‌డీ మౌంటును వదిలి ఈఎఫ్ తెచ్చింది. పాత లెన్సులున్నవాళ్ళు లబోదిబోమన్నారు. కానీ ఫోకస్ మోటారును లెన్స్‌లోనే పెట్టుకునే ఆ కొత్త పద్ధతితోనే క్యానన్ తర్వాత స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్లను తన వైపు తిప్పుకుంది. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంటునే పట్టుకుని 2018లో జెడ్ మౌంటు దాకా లాక్కొచ్చింది. జెడ్ కెమెరాలు మిర్రర్‌లెస్, పాతవాటిలో లాగా లెన్స్ వెనక అద్దం లేదు కాబట్టి లెన్సుకూ సెన్సార్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్ల నుంచి 16కి తగ్గింది. పాత లెన్సులను కొత్త బాడీకి తగిలించడానికి ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ ఇచ్చారు గానీ దాంట్లో మోటారు లేదు. బాడీలోని మోటారు మీద ఆధారపడే పాత ఏఎఫ్-డి లెన్సులు దాని మీద ఆటోఫోకస్ చేయవు, చేత్తో తిప్పుకోవాల్సిందే.

అందరికన్నా చిత్రం మినోల్టా వాళ్ళది. 1985లో ఆటోఫోకస్‌తో ప్రపంచాన్ని ఊపిన కంపెనీ అది. 2003లో కొనికాతో కలిసింది, 2006లో కెమెరాల వ్యాపారం సోనీకి అప్పగించేసింది. బ్రాండ్ మారకుండా కూర్చున్నవాళ్ళు ఉన్నచోటే ఉండి సోనీ వాళ్ళయిపోయారు.

అపోహ: ఈ కంపెనీలు ఒకదానికొకటి బద్ధశత్రువులు

మనకున్నంత పంతం వాళ్ళకు లేదు. 1936లో వచ్చిన క్యానన్ మొదటి కెమెరా హాన్సా క్యానన్‌కు లెన్స్ ఇచ్చింది నికాన్ వాళ్ళే, అప్పట్లో వాళ్ళ పేరు నిప్పన్ కొగాకు. ఇవాళ నికాన్ కెమెరాల్లో చాలావాటికి సెన్సార్ తయారుచేసేది సోనీ. ఇంకో ముక్క: క్యానన్ నమూనా కెమెరాకు మొదట పెట్టిన పేరు క్వానాన్. బౌద్ధుల కరుణామూర్తి, మన అవలోకితేశ్వరుడి జపాన్ పేరు అది. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా క్యానన్ పెద్దాయన కెమెరాకు విజయదశమి నాడు ఒక దండ ఎక్కువ వేస్తున్నాడు.

అపోహ: ఫోటోకు అది, వీడియోకు ఇది

ఒకప్పటి నిజం ఇది. 2008లో వీడియో తీసే మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న డిజిటల్ కెమెరా) నికాన్ డి90. అదే ఏడాది ఫుల్ హెచ్‌డీతో వచ్చిన క్యానన్ 5డి మార్క్ 2 పెళ్ళి వీడియోల రూపురేఖలే మార్చేసింది. తర్వాత తక్కువ వెలుతురుతో, కంటిని పట్టుకునే ఫోకస్‌తో సోనీ ముందుకు దూకింది. ఇప్పుడు మూడింటితోనూ పెళ్ళి తీయొచ్చు. అయినా ఎవరు ఏ ఏడాది ఈ రంగంలోకి వచ్చారో, ఆ ఏటి నిజాన్నే ఇప్పటికీ చెబుతుంటారు.

అపోహ: బ్రాండ్ ఎవరికి వాళ్ళు తీసుకునే నిర్ణయం

పెద్ద నగరాల్లో సంగతేమో గానీ మా ఊళ్ళలో కాదు. నా కెమెరాకు ఏం వచ్చినా చెన్నై పోవాలి, దాదాపు 140 కిలోమీటర్లు. పోయి, ఇచ్చి, మళ్ళీ పోయి తెచ్చుకునేలోపు రెండు ముహూర్తాలు దాటిపోతాయి. ఆ మధ్యలో కాపాడేది పక్క స్టూడియో వాడే. వాడిదీ నాదీ ఒకే బ్రాండ్ అయితే బాడుగ కూడా అడగకుండా లెన్స్ ఇస్తాడు. నికాన్ డి7000తో 2010లో వచ్చిన ఈఎన్-ఈఎల్15 రకం బ్యాటరీయే తర్వాత డి750లోకి, డి850లోకి, జెడ్6లోకి వచ్చింది. క్యానన్ వాళ్ళకు 5డి మార్క్ 2 నాటి ఎల్‌పీ-ఈ6 అలాంటిదే. తెల్లవారుజామున మూడింటికి "అన్నా, బ్యాటరీ ఉందా" అని ఫోన్ చేస్తే, ఏ మోడల్ అని అడగకుండా బండి మీద తెచ్చిచ్చే మనిషి ఉన్నాడంటే అది కూడా బ్రాండ్ విలువలో లెక్కే. చిత్తూరులో ఒక స్నేహితుడు ఒక్కడే వేరే బ్రాండ్‌కు మారాడు. కెమెరా బాగుంది, ఫోటోలు బాగున్నాయి. ట్రిగ్గర్ పాడైతే మాత్రం వెల్లూరు దాకా ఫోన్లు చేసుకుంటున్నాడు.

మొన్న మా మేనల్లుడు వచ్చాడు. చంద్రగిరిలో స్టూడియో పెడతాడట. "మామా, యాది తీసుకోమంటావు?" అన్నాడు. నికాన్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, మీ వీధిలో ఎవరెవరు ఏం వాడుతున్నారో కనుక్కుని రమ్మన్నాను. రెండు రోజులకు లిస్టు రాసుకుని వచ్చాడు: నాలుగు సోనీలు, ఒక క్యానన్. నికాన్ ఒక్కటి కూడా లేదు. ఆ కాగితం చూసి నాకు కొంచెం బాధేసింది. సోనీయే కొనుక్కోమన్నాను.