పీతల పుట్టింటి ప్రయాణం

చి. చిన్నారికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

ఎర్ర పీతలు రోడ్డు నిండా నడిచిపోతున్న వీడియో చూసి, "అన్నిటికీ ఒకేసారి బయల్దేరమని ఎవరు చెప్పారు తాతయ్యా?" అని అడిగారు కదా. బయల్దేరమని చెప్పేది వాన. ఎప్పటికి చేరాలో చెప్పేది చంద్రుడు.

అది క్రిస్మస్ దీవి. హిందూ మహాసముద్రంలో, జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఆస్ట్రేలియాకి చెందినది. 1643 డిసెంబరు 25న ఒక ఇంగ్లీషు ఓడ దాని పక్కగా వెళ్ళింది కాబట్టి ఆ పేరు. దీవి మొత్తం 135 చదరపు కిలోమీటర్లే, పీతలు మాత్రం కోట్లలో ఉన్నాయి.

మన ఇళ్ళల్లో ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది చూశారా, ఇదీ అంతే. ఎర్ర పీతకి పుట్టిల్లు సముద్రం, మెట్టినిల్లు అడవి. ఏడాదంతా అడవిలో రాలిన ఆకులూ పండ్లూ తింటూ కలుగులో ఉంటుంది. పెద్దదయ్యాక ఈత రాదు, నీళ్ళలో పడితే మునిగి చస్తుంది. అయినా గుడ్లు పగిలి పిల్లలు రావాలంటే ఉప్పునీరే కావాలి. అందుకని అక్టోబరు, నవంబరుల్లో తొలి వానలు పడగానే ప్రయాణం కడతాయి. మా చిన్నప్పుడు తొలకరికి చేలల్లో ఆరుద్ర పురుగులు ఇలాగే ఎక్కడినుంచో ఎర్రగా ఊడిపడేవి. అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. దాచకుండా ఉండాల్సింది.

ముందు అల్లుళ్ళు, అంటే మగ పీతలు, వెళ్తారు. వారం పైచిలుకు నడక. ఒంట్లో తడి ఇంకిపోయి ఉంటుంది గనక చేరగానే సముద్రం అంచున ఒక మునక వేస్తారు. తర్వాత ఒడ్డు మీది మెట్టల్లో కలుగులు తవ్వుతారు. గది నాదంటే నాదని కొట్టుకుంటారు. ఆడపీతలు వచ్చి జతకట్టాక, అల్లుళ్ళు ఇంకో మునక వేసి అడవికి తిరిగి వెళ్ళిపోతారు. ఆడవి మాత్రం పొట్ట కింద మడతలో లక్ష దాకా గుడ్లు పెట్టుకుని, తేమ ఆరని ఆ కలుగుల్లో పన్నెండు పదమూడు రోజులు ఉంటాయి. బహుళ అష్టమి దగ్గరపడగానే తెల్లవారుజామున పోటు దిగడం మొదలైనప్పుడు నీటి అంచుకు వచ్చి గుడ్లు వదిలేస్తాయి. నీరు తగలగానే గుడ్లు పగులుతాయి. అష్టమే ఎందుకంటే, ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా తక్కువ, తల్లి కొట్టుకుపోయే భయం కూడా తక్కువ. వానలు ఆలస్యమై, అష్టమిలోగా చేరలేమనిపిస్తే వచ్చే నెలకి ఆగుతాయి.

ఇక్కడ నా పోలిక చెడింది. ఏ అమ్మమ్మా మనవల్ని చేపలకి వేయదు. ఈ సముద్రం వేస్తుంది. తిమింగల సొరచేపలు కూడా ఈ విందుకే వస్తాయి. ఎక్కువ సంవత్సరాల్లో పిల్ల పీతలు దాదాపు బయటికి రానే రావు. బతికితే మాత్రం నెల దగ్గరికి అయిదు మిల్లీమీటర్ల పీతలై ఒడ్డంతా ఎర్రటి తివాచీలా కమ్ముకుంటాయి.

ఎప్పుడైనా వెళ్తే రోజు ఇలా గడపండి. తెల్లారగట్ల మూడున్నరకి లేవాలి. అక్కడి రాయి సున్నపురాయి, కత్తి అంచులా ఉంటుంది కాబట్టి చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఈథెల్ తీరంలాంటి చోట నీటికీ పీతకీ మధ్య నిలబడకండి, పక్కన కూర్చోండి. తల్లి ముందుకాళ్ళు పైకెత్తి ఒళ్ళంతా దులుపుతుంది. చూడాల్సిన క్షణం అదే. ఒక రోజు తప్పినా మర్నాడు చూడొచ్చు, వరసగా కొన్ని తెల్లవారుజాములు జరుగుతుంది.

పొద్దెక్కాక రోడ్డు మీద జాగ్రత్త. పీతలు నడిచే దారులు కొన్ని మూసేస్తారు. రోడ్ల కింద సొరంగాలూ, పైన అయిదు మీటర్ల ఎత్తు వంతెన ఒకటీ వాటికోసమే కట్టారు. మూయని దారిలో అడ్డొస్తే కారు ఆపి, దిగి, ఆకులు లాగే పళ్ళ కర్రతో మెల్లగా పక్కకి తోయాలి. తొందరపడి తొక్కిస్తే వాటి ప్రాణం పోతుంది, పెంకు గుచ్చుకుని మీ టైరూ పోతుంది. మధ్యాహ్నం ఎండకి మొప్పలు ఆరిపోతాయని పీతలు నీడకి చేరతాయి. వాటితోపాటు మీరూ ఆగండి.

సాయంత్రం అడవిలో దొంగపీతని వెతకండి. నాలుగు కిలోల దాకా తూగుతుంది, కొబ్బరికాయ చీల్చగలదు. చెప్పులూ గిన్నెలూ బయట వదిలితే ఈడ్చుకుపోతుంది. పెద్ద చెట్ల కొమ్మల్లో నల్ల రెక్కల తెల్ల పక్షి కనబడితే కదలకుండా నిలబడండి. అది ఆబట్ బూబీ. ప్రపంచంలో ఇంకెక్కడా గూడు కట్టదు, పెట్టేది ఒక్కటే గుడ్డు.

పెద్ద ఆపద మాత్రం మనుషులు తెచ్చిపెట్టిన పసుపు చీమ. కళ్ళలో ఆమ్లం చిమ్మి, గుడ్డివి చేసి కోటికి పైగా పీతల్ని చంపింది. ఆ చీమలకి తీపి అందించేది చెట్లమీది లక్క పురుగు. దాన్ని తగ్గించడానికి 2016లో మలేసియా నుంచి అతి చిన్న కందిరీగను తెచ్చి వదిలారు.

మీకు అంత దూరం వెళ్ళడం ఇప్పట్లో కుదరదు. వచ్చే బహుళ అష్టమికి అమ్మని క్యాలెండరు అడిగి, నాలుగింటికి లేచి డాబా ఎక్కండి. సగం చంద్రుడు తూర్పున బాగా పైకి వచ్చి ఉంటాడు. అక్కడి పీతకి కనిపించేదీ వాడే. వెలుగున్న సగం ఎటు తిరిగి ఉందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య