పంట చేతికొచ్చే వేళకు చేను దున్నేసిన కాడిలాక్

కాడిలాక్ అంటే అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ విలాస కార్ల బ్రాండ్. దాని 1987 మోడల్ ‘అలాంటే’ అనే కారు సగం ఇటలీలో, సగం అమెరికాలో తయారయ్యేది. టూరిన్ దగ్గర పినిన్‌ఫరీనా ఫ్యాక్టరీలో రంగులు వేసి సిద్ధం చేసిన బాడీలను 56 చొప్పున బోయింగ్ 747 విమానంలోకి ఎక్కించి అట్లాంటిక్ దాటించేవాళ్ళు. డెట్రాయిట్‌లో దించాక వాటికి ఇంజిన్, సస్పెన్షన్ అమర్చేవాళ్ళు. ధర 54,700 డాలర్లు. మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కు దీటుగా నిలబెట్టాలని జనరల్ మోటార్స్ ఆశ. కానీ ఆ ధరకు తగ్గ ఊపు ఇంజిన్‌లో లేదు, గుడ్డ టాపు సందుల్లోంచి వాన నీళ్ళు కారేవి. ఏటా ఒక్కో లోపమూ సరిచేసుకుంటూ వచ్చి, 1993లో ఎట్టకేలకు నార్త్‌స్టార్ అనే 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెట్టారు. అప్పటికి గానీ కారు కుదరలేదు. ఆ ఏడాదే తయారీ ఆపేశారు.

జర్మనీ, జపాన్ కార్లతో అమెరికా విలాస కారు ఎలా పోటీ పడాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అలాంటేనే. ఇప్పుడా ప్రశ్న మళ్ళీ వచ్చింది. 2030 నాటికి తమవన్నీ విద్యుత్ కార్లే అవుతాయన్న కాడిలాక్ ఆ మాటను సడలించింది. మరోపక్క ఫార్ములా వన్‌లో అడుగుపెడుతోంది. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడి కార్ల రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు ఇది జీతంతో ముడిపడిన సంగతి కూడా.

అసలు కాడిలాక్ పేరు సంపాదించిందే పరదేశంలో. 1902లో హెన్రీ లీలాండ్ చేతిలో పుట్టిన కంపెనీ ఇది. లీలాండ్‌కు కొలతల పిచ్చి. వెంట్రుక వాసి తేడాను కూడా సహించని మనిషి. 1908లో లండన్ దగ్గరి బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరీక్షకు మూడు కాడిలాక్ కార్లు నిలబడ్డాయి. ముక్క ముక్కగా విప్పేశారు. ఒక్కో కారుకు 721 భాగాలు. అన్నిటినీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి బదులు షోరూమ్‌లో అమ్మకానికి ఉంచిన విడిభాగాలు వేశారు. మెకానిక్‌ల చేతిలో రెంచీలు, స్క్రూడ్రైవర్లు తప్ప ఏమీ లేవు. ఆ రోజుల్లో కొత్త భాగం బిగించాలంటే ఆకురాయితో అరగదీసి సరిపుచ్చడమే అలవాటు. ఇక్కడ ఆకురాయి ముట్టుకోకుండానే మూడు కార్లూ తయారై, ఒక్కోటి 500 మైళ్ళు పరిగెత్తాయి. అమెరికా సరుకంటే చవక సరుకని చప్పరించే బ్రిటన్ వాళ్ళే ఆ ఏటి డ్యూవార్ ట్రోఫీని దీనికిచ్చారు.

మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ ఈ కంపెనీని కొనేసింది. 1912 మోడల్‌కు చార్లెస్ కెట్టరింగ్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ముందు భాగంలో కడ్డీ పెట్టి తిప్పాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. స్టార్టర్ వచ్చాక కారు నడపడానికి కండబలంతో పని లేకపోయింది. రెండో డ్యూవార్ ట్రోఫీ దీనికే. ఆ తర్వాత వీ8, 1930లో వీ16. 1948లో పీ-38 యుద్ధ విమానాన్ని చూసి వెనక రెక్కలు. 1959కల్లా అవి ఆకాశానికి లేచాయి. ఏ వస్తువైనా సాటిలేనిదని చెప్పాలంటే అమెరికాలో ‘ఆ రకంలో కాడిలాక్’ అనేవాళ్ళు.

1970ల్లో అమ్మకాలు ఇంకా పెరిగాయి. 1978లో దాదాపు మూడున్నర లక్షల కార్లు. ఆ అంకె చూసి లోపలి తెగులు ఎవరికీ కనపడలేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు పొదుపు నిబంధనలు ముంచుకొచ్చాయి. అప్పుడు మొదలైంది తొందర. జనరల్ మోటార్స్‌లోనే మరో బ్రాండైన ఓల్డ్స్‌మొబైల్ చేసిన 5.7 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను కాడిలాక్‌లో పెడితే, దాని హెడ్ బోల్టులు డీజిల్ ఒత్తిడికి ఆగలేదు. 1981లో వచ్చిన వీ8-6-4 ఇంజిన్ అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడవాలి. ఊహ చక్కనిదే. ఆనాటి కంప్యూటర్‌కే ఆ వేగం లేదు. కారు కుదుపులతో నడుస్తుంటే, చివరికి మెకానిక్‌లు ఆ వైరు పీకి ఎనిమిదింటితోనే నడిపించేవాళ్ళు. ఒక్క ఏడాదికే మామూలు కార్లనుంచి దాన్ని తీసేశారు. పాతికేళ్ళ తర్వాత సిలిండర్లు ఆపే పద్ధతి జనరల్ మోటార్స్ ఇంజిన్లలోనే మామూలైపోయింది.

వీటన్నిటికన్నా సిమరాన్ చేసిన చేటు పెద్దది. బీఎండబ్ల్యూ 3 సిరీస్ కుర్ర డాక్టర్లను, లాయర్లను ఎగరేసుకుపోతుంటే, షెవర్లే కావలియర్ అనే చవక కారుకే తోలు సీట్లు, కాడిలాక్ చిహ్నం తగిలించి 1981లో వదిలారు. ఇంజిన్ 1.8 లీటర్లు, 88 హార్స్‌పవర్. జీవితకాలం కష్టపడి కాడిలాక్ కొనుక్కున్న మనిషికి ఆ చిహ్నం పరువు. ఆ పరువును పక్క షోరూమ్‌లో దొరికే కారుకు అతికించడం నా దృష్టిలో ఇప్పటికీ క్షమించరానిది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని మలుపు ఒకటుంది. 1981లో అమెరికా ఒత్తిడికి తలొగ్గి జపాన్ తన కార్ల ఎగుమతికి ఏడాదికి 16.8 లక్షల పరిమితి పెట్టుకుంది. డెట్రాయిట్‌ను కాపాడటానికి కట్టిన గోడ అది. కానీ సంఖ్యకు హద్దు పెడితే వ్యాపారి ఏం చేస్తాడు? అంతే సంఖ్యలో ఖరీదైన సరుకు పంపుతాడు. 1986లో హోండా నుంచి అక్యురా అనే విలాస బ్రాండ్ వచ్చింది. 1983లోనే టొయోటా కంపెనీ అధిపతి ఏజీ టొయోడా తన ఇంజనీర్లను ప్రపంచంలోకెల్లా మేలైన కారు చెయ్యమని పురమాయించాడు. ఆరేళ్ళ పాటు నమూనాల మీద నమూనాలు చేసి, 1989లో లెక్సస్ అనే కొత్త బ్రాండ్ పేరుతో ఎల్‌ఎస్ 400ను 35,000 డాలర్లకు అమెరికాలో దింపారు.

అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే ఒకటి రెండు ఫిర్యాదులొచ్చాయి. లెక్సస్ అప్పటికి అమ్మిన 8,000 కార్లనూ వెనక్కి పిలిచింది. మనుషుల్ని ఇళ్ళకు పంపి కార్లు తెప్పించుకుని, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి అప్పగించింది. పరువు పోవాల్సిన చోట పేరు వచ్చింది. అవే సంవత్సరాల్లో అలాంటే యజమానులు టాపు కింద తడిసిన సీట్లు తుడుచుకుంటున్నారు.

కాడిలాక్‌కు మళ్ళీ ప్రాణం పోసింది రెండు కార్లు. 1998లో వచ్చిన ఎస్కలేడ్, నిజం చెప్పాలంటే, సిమరాన్ లాంటి పనే. ఫోర్డ్ వారి భారీ ఎస్‌యూవీ లింకన్ నావిగేటర్‌ను అందుకోవాలని జనరల్ మోటార్స్‌దే అయిన జీఎంసీ యూకాన్ డెనాలీకి హడావుడిగా చిహ్నం మార్చి తెచ్చారు. అయితే దీన్ని మాత్రం వదిలెయ్యలేదు. అదే పేరుతో తరం తర్వాత తరం మెరుగుపరిచారు. ఈనాడు కాడిలాక్ అంటే చాలామందికి మనసులో మెదిలేది ఎస్కలేడే. రెండోది 2002 నాటి సీటీఎస్. వెనక చక్రాలతో నడిచే సొంత ప్లాట్‌ఫామ్ కట్టి, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌కే తీసుకెళ్ళి పరీక్షించారు. 2008లో దాని సీటీఎస్-వీ రూపం ఆ ట్రాక్‌ను 7 నిమిషాల 59.32 సెకన్లలో చుట్టి, మామూలు టైర్లున్న సెడాన్లలో రికార్డు కొట్టింది.

అక్కడ నిలదొక్కుకోవాల్సింది. 2012లో 3 సిరీస్ మీదికి ఏటీఎస్‌ను దింపారు. 2013కు ఉత్తర అమెరికా మేటి కారు అవార్డు వచ్చింది. ఒకే తరంతో దాన్ని ముగించేశారు. 2015లో ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌కు మారింది. ఆడీ నుంచి ఇన్ఫినిటీ మీదుగా వచ్చి కాడిలాక్ అధిపతి అయిన యోహాన్ డి నైషెన్ కొత్త సెడాన్లకు సీటీ, ఎస్‌యూవీలకు ఎక్స్‌టీ అక్షరాలతో పేర్లు పెట్టే పద్ధతి తెచ్చాడు. 2018లో ఆయన వెళ్ళిపోయాడు, ఆ తర్వాత కార్యాలయం మిచిగన్‌కు తిరిగొచ్చింది. బీఎండబ్ల్యూ మాత్రం 1975 నుంచి 3 సిరీస్ అన్న పేరు మార్చలేదు.

2019లో సీటీ6-వీ కోసం బ్లాక్‌వింగ్ అనే 4.2 లీటర్ల ట్విన్ టర్బో వీ8 వచ్చింది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో ఒక్కో ఇంజిన్‌ను చేత్తో బిగించేవాళ్ళు. కాడిలాక్‌కంటూ కొత్తగా గీసిన ఇంజిన్ అది. మరుసటి ఏడాదే అమెరికాలో సీటీ6 ఆగిపోయింది, దాంతోపాటే ఇంజినూ పోయింది. తర్వాత వచ్చిన కార్లకు బ్లాక్‌వింగ్ పేరు పెట్టారు గానీ, లోపల ఇంజిన్లు వేరే.

2022లో మొదలైన లిరిక్ విద్యుత్ కారు కూడా ఇప్పుడు, ఏటీఎస్, సీటీ6 లాగే, మొదటి తరం దశలోనే ఉంది. ఖరీదైన సెడాన్లతో చెయ్యలేకపోయిన పని విద్యుత్ కార్లతో చెయ్యగలమన్న నమ్మకం కంపెనీలో కలిగింది. అయితే కొనేవాళ్ళకిచ్చే 7,500 డాలర్ల అమెరికా కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. లిరిక్ రెండో తరం దాకా ఉంటుందా అన్నది మిగతా అన్నిటికన్నా ముందు తేలాలని నేననుకుంటాను.

ఫార్ములా వన్‌లో 2026 సీజన్ నుంచి కాడిలాక్ 11వ జట్టు. మొదటి కార్లకు ఇంజిన్ ఫెరారీది. జనరల్ మోటార్స్ సొంత ఇంజిన్‌కు 2029 నుంచి అనుమతి దొరికింది.