అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమాలు: మా క్లాసులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి పొలిటికల్ సైన్స్ చెప్తాను. నిరాయుధీకరణ చాప్టర్ వస్తే చాలు, ఏటా ఇవే మాటలు.

అపోహ: "ఏటి మేస్టారూ, ప్లకార్డులు పట్టుకుంటే బాంబులు ఆగిపోతాయేటి?"

వాస్తవం: బాంబులు ఆగలేదు, నిజమే. కానీ గాల్లో చేసే టెస్టులు చాలావరకు భూమి లోపలికి పోయాయి, అదేం చిన్న సంగతి కాదు. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేలిస్తే, దూరంగా ట్యూనా వేటలో ఉన్న లక్కీ డ్రాగన్ అనే జపాన్ బోటు మీద తెల్లటి బూడిద రాలింది, అందులో 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది, సెప్టెంబర్లో రేడియో ఆపరేటర్ కుబోయామా చనిపోయాడు. వేటకెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకి ఇది చెప్తే ఇక ప్రశ్నలే ప్రశ్నలు, మరి ఆ చేపలేం చేశారు, నష్టపరిహారం ఎవరిచ్చారు అని. ఆ తర్వాత జపాన్‌లో 3 కోట్లకి పైగా సంతకాలు, మన నెహ్రూ టెస్టులు ఆపండని అడగడం, అమెరికాలో తల్లులు పిల్లల పాలపళ్లని స్ట్రాన్షియం-90 (టెస్టుల బూడిదతో వచ్చి ఎముకల్లో, పళ్లలో చేరే రేడియోధార్మిక పదార్థం) పరీక్షకి పంపడం, ఈ ఒత్తిడంతా పోగయ్యే 1963 పాక్షిక టెస్టుల నిషేధ ఒప్పందం (గాల్లో, నీళ్లలో, అంతరిక్షంలో టెస్టులు వద్దన్నది) వచ్చింది. 1962లో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన క్యూబా సంక్షోభం పెట్టిన భయం కూడా పనిచేసింది లెండి, క్రెడిట్ మొత్తం ఉద్యమానికే రాసేస్తే అదీ తప్పే. ఫ్రాన్స్, చైనా అయితే సంతకమే పెట్టలేదు.

అపోహ: కొవ్వాడ గొడవ, ఇదీ ఒకటే.

వాస్తవం: కాదు. రణస్థలం మండలం కొవ్వాడలో కట్టాలనుకుంటున్నది అణు కరెంటు ప్లాంటు, బాంబు కాదు. అక్కడ జనం అడిగేది భూమి, వేట, పునరావాసం, భద్రత గురించి. రెండూ కలిపి రాస్తే నేను మార్కులు వెయ్యను.

అపోహ: ఇండియా శాంతి దేశం కాబట్టి ఈ ఒప్పందాలన్నిట్లో ఉంటుంది.

వాస్తవం: ఎన్‌పీటీలో (అణ్వాయుధాలు కొత్త దేశాలకి పాకకుండా చేసిన ఒప్పందం) లేం, సీటీబీటీలో (అణు టెస్టులన్నిటినీ నిషేధించే ఒప్పందం) లేం, అణ్వాయుధాలనే నిషేధించే 2017 ఒప్పందం చర్చలకీ వెళ్లలేదు. 1967కి ముందు బాంబు పేల్చిన అయిదుగురికో రూలు, మిగతావాళ్లకో రూలా అన్నది ఎన్‌పీటీ మీద మన అభ్యంతరం, అందులో న్యాయముంది. కాకపోతే 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 కల్లా అణ్వాయుధాలే ఉండకూడదని ప్లాన్ పెట్టారు, పదేళ్లు తిరిగేసరికి పోఖ్రాన్‌లో మనమే పేల్చాం. గ్రూప్స్ రాసేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

అపోహ: చిన్న దేశాల మాట ఎవడు వింటాడు?

వాస్తవం: న్యూజిలాండ్‌ని చూడండి. జనం పట్టుబడితే 1985లో ప్రభుత్వం అమెరికా యుద్ధనౌకని రానివ్వలేదు, అణ్వాయుధాలున్నాయో లేవో చెప్పం అన్నారని. మరుసటేడు అమెరికా రక్షణ హామీ సస్పెండ్ చేసింది, అయినా వీళ్లు తగ్గకుండా 1987లో అణ్వాయుధాలు, వాటిని మోసే నౌకలు మా దేశానికి రాకూడదని చట్టమే చేసేశారు. మళ్లీ అమెరికా యుద్ధనౌక ఆ దేశానికి వెళ్లింది 2016లో, అదీ ఆ చట్టం ప్రకారం అక్కడి ప్రధాని ఓకే అన్నాకే.