గబ్బిలం జాతికో వైరస్ వంశం

కోనసీమలో పాత చింతచెట్లకు, రావిచెట్లకు పగలంతా తలకిందులుగా వేలాడి, పొద్దుగూకగానే సపోటా తోటల మీదికి లేచే పెద్ద గబ్బిలాలను చూసి రేబిస్ భయం పెట్టుకునేవాళ్లున్నారు. మన దేశంలో మనిషికి రేబిస్ అంటించేది దాదాపు ఎప్పుడూ కుక్కే. అసలు రేబిస్ వైరస్ గబ్బిలాల్లో స్థిరపడి తిరిగేది అమెరికా ఖండాల్లో. మనవైపు గబ్బిలాల్లో కనిపించేవి దాని దాయాదులు, లిస్సావైరస్‌లు. శ్రీలంకలో ఇదే పెద్ద గబ్బిలం మెదడులో దొరికిన గన్నోరువ లిస్సావైరస్ సంగతి 2016లో వెల్లడైంది.

రేబిస్ వైరస్‌ది సుమారు 12,000 అక్షరాల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, అయిదు జన్యువులు. దానికి నకలు తీసే ఎంజైమ్ తన తప్పులు దిద్దుకోలేదు. గబ్బిలం ఎక్కువగా కరిచేది, గీరేది తన జాతి గబ్బిలాన్నే కాబట్టి ఆ తప్పులు ఆ జాతిలోనే పేరుకుని ఒక వంశం అవుతాయి. ఉత్తర అమెరికాలోని 23 జాతుల గబ్బిలాల నుంచి తీసిన 372 వైరస్‌లను పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. ఇంత త్వరగా మారే వైరస్ ఏ జాతిలోకైనా దూరగలదనుకుంటాం. కానీ రెండు జాతుల చుట్టరికం దూరమయ్యేకొద్దీ, వైరస్ ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడం తగ్గింది. దూకినా చాలాసార్లు అక్కడితోనే ఆగిపోయింది.

వంశం తేల్చడానికి చచ్చిన గబ్బిలం మెదడు ముక్క కావాలి. ముందు వైరస్ ఉన్నచోట మెరుపు చూపే ఫ్లోరోసెంట్ యాంటీబాడీ పరీక్ష, ఆ తర్వాత ఆ అయిదింటిలో ఒకటైన ఎన్ జన్యువును ఆర్‌టీ-పీసీఆర్‌తో పెంచి (నకళ్లు తీసి) అక్షరాలు చదవడం. ఆ జన్యువు తక్కువ మారుతుంది కాబట్టి ప్రైమర్లు, అంటే నకలు మొదలుపెట్టడానికి జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, పట్టుకుంటాయి. అయినా కొత్త లిస్సావైరస్‌లో ప్రైమర్ చివరి అక్షరాలు కుదరకపోతే, వైరస్ ఉన్నా లేదని వస్తుంది. డెల్టా ఉక్కలో అంతకన్నా పెద్ద చిక్కు కుళ్లు. మెదడు నీరైపోతుంది, ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే ఆర్‌ఎన్‌ఏ చదవడం కష్టం. ఐసు మీద త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి.

ఎండదెబ్బకు కిందపడిన గబ్బిలాన్ని ఉత్తచేతుల్తో ఎత్తకూడదు. అలాగని గూడు చెట్టు నరకడమూ తప్పే. పెరూలో నెత్తురు తాగే గబ్బిలాలను చంపినా, మిగిలినవాటిలో రేబిస్ సోకిన ఆనవాళ్లు తగ్గలేదు.

కరిచినా, గీరినా సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పుండులో ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు), చర్మంలోకి టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ఈ టీకా అసలు రేబిస్ వైరస్‌తో చేసింది. లిస్సావైరస్‌లను చుట్టరికాన్ని బట్టి గుంపులుగా విడదీస్తారు, గన్నోరువ ఆ వైరస్ ఉన్న మొదటి గుంపులోదే. ఆఫ్రికాలోని లాగోస్, మొకోలా వైరస్‌లది రెండో గుంపు, వాటి మీద ఈ టీకా పనిచేయదు.